గ్రీజు డబ్బా మీద గీత

మా ట్రాక్టరు తొండం పక్కకు ఊగుతోందని మొదట చెప్పినవాడు మా మామ. రెండోసారి చెప్పినవాడు సోమల దగ్గర ఒక టమాటా రైతు. ఆయన కాస్త గట్టిగా చెప్పాడు. అప్పటికే ఆయన బోరు పైపు రెండు ముక్కలై, నీళ్లు మా మామ చెప్పుల మీదుగా పక్కవాళ్ల చేనికి పోతున్నాయి.

తొండమంటే ఏమీ లేదు. మాది మామిడి వరసల మధ్య దూరిపోయేంత చిన్న ట్రాక్టరు. దాని వెనక తగిలించిన తవ్వే చెయ్యికి ఊళ్లో పెట్టిన పేరు అది. పెద్ద మిషన్లు పట్టని చోట డ్రిప్పు పైపులకు కాలువ తీయడం, బోరు పక్కన గుంత తవ్వడం దాని పని. మనిషికున్నట్టే దానికీ నడుం, భుజం, మోచెయ్యి, మణికట్టు ఉన్నాయి. ఒక్కో కీలులో ఒక లావుపాటి ఇనుప పిన్ను. ఆ పిన్ను తిరగడానికి చుట్టూ బుష్ అనే ఇనుప గొట్టం. రెంటి మధ్యా గ్రీజు. గ్రీజు ఉన్నన్నాళ్లూ కాపురం సజావుగా సాగుతుంది. లేనప్పుడు పిన్ను బుష్‌ను తింటుంది, బుష్ పిన్నును తింటుంది, బయటికి మాత్రం ఏమీ తెలియదు. ఒకనాడు కాలువ తిన్నగా తీయమంటే బకెట్ జానెడు పక్కకు వెళ్లి ఎవరిదో పైపు విరుస్తుంది. అప్పుడు తెలుస్తుంది.

ఆ సాయంత్రం పుంగనూరులోని మా ఇంటి షెడ్డు ముందు మా నాయన గడ్డపార తెచ్చి బకెట్ కింద దూర్చి పైకెత్తాడు. టక్కుమంది. వదిలాడు. మళ్లీ టక్కుమంది. మోచెయ్యి దగ్గరా అంతే. భుజం దగ్గరా అంతే. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు గడ్డపార పెట్టుకుంటూ పోయి, చివరికి మా మామ దగ్గర ఆగాడు.

"ఏమప్పా, గ్రీజు పెడతాండావా?"

"దినామూ పెడతాండాను బావా."

"పెడితే ఇంత లూజు యాల వస్తాది?"

"అదే నాకూ తెలీడంలేదు."

ఈ 'తెలీడంలేదు' అన్న మాట మా నాయనకు సరిపడదు. ఆయన దృష్టిలో లోకంలో ప్రతి అరుగుదలకూ ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటాడు. మామ కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాక నన్ను పక్కకు పిలిచాడు.

"ఒరే, నువ్వు మెకానికల్ సదివినావు గదా. వారం దినాలు టైము ఇస్తాండా. తప్పు ఎవురిదో తేల్చు. మీ మామ గ్రీజు పెట్టకుండానే పెట్టినానని సెప్తాండాడంటే మాత్రం సీటు దిగాల్సిందే. మీ అమ్మ యేడ్చినా సరే."

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన మాట నిజమే. నాలుగేళ్లలో ఒక్క బుష్‌ను కూడా చేత్తో పట్టుకోకుండా పూర్తిచేశాను. బొమ్మలో మాత్రం చాలాసార్లు చూశాను, అరగనివి.

మామ సంగతి కూడా చెప్పాలి. ఆయన మా అమ్మకు తమ్ముడు. సొంతూరు కుప్పం. ఏళ్ల తరబడి పొద్దున రైలెక్కి బెంగళూరు ఫ్యాక్టరీకి వెళ్లి, సాయంత్రం రైల్లో తిరిగొచ్చేవాడు. మా ఇంట్లో ఈ మిషను కొన్నప్పుడు మా అమ్మే పట్టుబట్టి పిలిపించింది. ఆయన ఫ్యాక్టరీ పని వదులుకుని వచ్చాడు. ఆ పని ఇప్పుడు వేరేవాళ్లది. ఆయనకు మిగిలిందల్లా మా ట్రాక్టరు మీద ఒక సీటు. దాని కిందికి గునపం దించే బాధ్యత నా మీద పడింది.

అనుమానించడానికి కూడా ఒక పద్ధతుండాలి. చుట్టాన్ని చివర్లో అనుమానించాలి. అందుకని ముందు కుప్పం బస్సెక్కాను. మాకు తొండాన్ని అమ్మిన రైతు అక్కడే ఉంటాడు. వాడిన మిషను గురించి అమ్మేవాడు చెప్పే మాటకూ, పెళ్లిచూపుల్లో చెప్పే వయసుకూ తేడా లేదని మా నాయన సిద్ధాంతం.

ఆ పెద్దాయన నన్ను దూరం నుంచే గుర్తుపట్టి గేటు మూశాడు.

"మిషను వెనక్కి తీసుకోనప్పా."

"నేనింకా ఏమీ అడగలేదు గదా."

"అడగకముందే సెప్పేస్తే ఇద్దురికీ ఎండ తప్పుతాది."

నేను అరిగిన సంగతి చెప్పాను. అమ్మేటప్పుడు కొత్త పిన్నులు వేసే ఇచ్చానన్నాడాయన. సాక్ష్యమేదన్నాను. ఆయన గేటు గడియ తీసి నా చేతిలో పెట్టాడు. అది గడియ కాదు, మా మిషను పాత పిన్ను. మిగతా మూడూ కట్టుగొయ్యలుగా పాతి ఉన్నాయి, వాటికి మేకలు కట్టేసి ఉన్నాయి.

"వేలు పెట్టి సూడు. నాలుగేండ్లు తవ్వినా. యాడన్నా గుంత తగులుతాందా?"

వేలు పెట్టాను. ఒకవైపు కాస్త సన్నబడినట్టు ఉందేమో అనిపించింది. ఎక్కువ సేపు రుద్దితే ఎవరి వేలికైనా అలాగే అనిపిస్తుంది.

"పొద్దున్నే నేను కాపీ తాగినా తాగకున్నా దానికి గ్రీజు పెడతాంటి. గ్రీజు తినేది అరగదప్పా. మీ మిషను ఎవురు నడిపేది?"

"మా మామ."

"సొంత మామా?"

"అమ్మ తమ్ముడు."

ఆయన గేటు మళ్లీ తెరిచి, నాకు మజ్జిగ తెప్పించాడు. కేసు తేలిపోయిందన్న నిశ్చింత ఆయన ముఖంలో కనిపించింది. "అదే మరి. బయటోడైతే పెట్టినావా అని అడగొచ్చు. సొంతోణ్ణి ఏమని అడుగుతావు, పాపం," అన్నాడు. వచ్చేటప్పుడు పిన్నును తిరిగి గేటుకు తగిలించమని గుర్తుచేశాడు. నన్ను కూడా ఆయన నమ్మినట్టు లేదు.

బస్సులో తిరిగొస్తూ నేను పూర్తిగా మారిపోయాను. పొద్దున బయల్దేరినప్పుడు మామ మామూలు మనిషి. పలమనేరు దాటేసరికి ఆయన ప్రతి అలవాటూ నాకు వేరేగా కనబడింది. ఎందుకంత నెమ్మదిగా నడుస్తాడు? గ్రీజు గన్ను పట్టుకున్నప్పుడు ఎందుకు వీపు మనవైపు పెడతాడు? తొండం ఊగుతోందని తనే ముందు ఎందుకు చెప్పాడు? దొంగే ముందుగా దొంగ అని అరుస్తాడు కదా. పుంగనూరులో దిగేసరికి శిక్ష ఒక్కటే మిగిలింది.

ఇంటికి రాగానే సాక్ష్యం కోసం ఒక పరీక్ష పెట్టాను. మా గ్రీజు డబ్బా తెల్ల ప్లాస్టిక్‌ది. ఎండకు ఎత్తి పట్టుకుంటే లోపల ఎంతుందో తెలుస్తుంది. గ్రీజు ఉన్నంత మేర నీలం స్కెచ్‌పెన్నుతో బయట సన్నగా ఒక గీత గీశాను. మర్నాడు మామ పనికి వెళ్లాక ఎత్తి చూశాను. గ్రీజు గీత కింద వేలెడు తగ్గింది. ఇంకో గీత గీశాను. దాని మర్నాడూ తగ్గింది.

ఇక్కడ ఏ మామూలు మనిషైనా, పాపం పెడుతున్నాడే అనుకుంటాడు. నేను అలా అనుకోలేదు. తగ్గకపోతే పెట్టడం లేదన్నమాట, సరే. తగ్గుతోందంటే? ఎక్కడికో పోతోందన్నమాట. వెంటనే మామ మొపెడ్ దగ్గరికి వెళ్లి చైను తడిమి చూశాను. దాని మీద గ్రీజు పడి కనీసం ఒక వానాకాలం గడిచినట్టుంది. వేలికి తుప్పు అంటింది. అయినా నా అనుమానం తగ్గలేదు. చైనుకు పెట్టలేదంటే ఇంకెక్కడో పెడుతున్నాడు. ఎంత పెద్ద పన్నాగమో అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున గడ్డివామి వెనక నక్కి కూచున్నాను. మామ షెడ్డులోంచి గ్రీజు గన్ను తెచ్చాడు. ఒక్కో కీలు దగ్గర, గ్రీజు ఎక్కించడానికి ఉండే చిన్న ఇనుప ముక్కు, నిపుల్ అంటారు, దానికి గన్ను మూతి పెట్టి నొక్కాడు. నిజంగానే నొక్కాడు. నిపుల్ చుట్టూ గ్రీజు ముద్దగా పొంగింది. ఆయన దాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఇంకో దానికి వెళ్లాడు. పసిబిడ్డ మూతి తుడిచినట్టు తుడిచాడు. నాకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు అనుమానం ఇంకాస్త బలపడుతుందని ఆ రోజే గమనించాను.

"ఏంది అల్లుడూ, ఆడ కోడిగుడ్లు ఎతుకుతాండావా?" అన్నాడు మామ, వెనక్కి తిరక్కుండానే.

"అవును మామా."

"మనింట్లో కోళ్లు లేవే."

గడ్డి దులుపుకుని లోపలికి వెళ్లిపోయాను. ఆ పూట మా అమ్మ నా ఇడ్లీలో చట్నీ వేయడం మరిచిపోయింది. మరుపు కాదని నాకు తెలుసు. ఇంట్లో నా దర్యాప్తు సంగతి అందరికీ తెలిసిపోయింది. మామ మాత్రం ఏమీ తెలియనట్టే ఉన్నాడు. దాన్ని కూడా నేను ఆయన ఖాతాలోనే వేశాను.

ఇక మిగిలినవాడు మదనపల్లెలో లేత్ షాపు నడిపే భాయ్. దసరాకు ముందు మా బకెట్ పిన్ను ఒకటి వంగితే ఆయనే కొత్తది చేసిచ్చాడు. మెత్తటి ఇనుముతో చేసి ఉంటే? అది అరిగి, దాని ఊపుకు మిగతావన్నీ అరిగి ఉంటే? ఎలాగూ రిపేరు చేయించాలి. గడువు ఇంకో రెండు రోజులే ఉంది. మిషనునే తీసుకెళదామన్నాను. మామ నడిపాడు. నేను మడ్‌గార్డు మీద కూచున్నాను. జేబులో చిన్న ఆకురాయి దాచుకున్నాను. మెత్తటి ఇనుమైతే ఆకురాయి పట్టుకుంటుంది, గట్టిదైతే జారిపోతుంది. నాలుగేళ్ల చదువులో నాకు గుర్తున్నది అదొక్కటే.

 చిన్న ట్రాక్టరు మీద మదనపల్లె చాలా దూరం. సగం దారిలో మామే అన్నాడు.

"బెంగళూరు రైల్లో పన్నెండేండ్లు తిరిగినా అల్లుడూ. కూసునేకి సీటు దొరికింది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కుప్పంలోనే ఎక్కినా అంతే, ముందునుంచే నిండింటాది." సీటును అరచేత్తో తట్టి, "ఈ సీటు గట్టిదే, నడుము నొస్తాది. అయినా ఇది నాదని ఉండాది," అన్నాడు.

నేను రోడ్డు వైపు చూశాను. టమాటా లారీలు వరసగా వస్తున్నాయి. చూడటానికి అంతకంటే ఏమీ లేదు, అయినా చాలాసేపు చూశాను.

లేత్ భాయ్ వయసులో పెద్దాయన. నాలుగు కీళ్ల పిన్నులూ కొట్టించి తీయించి, గోనెసంచి మీద వరసగా పెట్టించాడు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి వెళ్లగానే నేను తనిఖీ మొదలుపెట్టాను. ఆయన చేసిన పిన్ను మీద ఆకురాయి పెట్టి లాగాను. సర్రుమని జారిపోయింది. గట్టిగా ఒత్తి లాగాను. మళ్లీ జారి నా బొటనవేలికి తగిలింది.

"ఇంటి నుంచి తెచ్చుకున్నావా ఆకురాయి?" వెనక నుంచి భాయ్ గొంతు. "మా షాపులో లేవనుకున్నావా? గీకప్పా, గీకు. ఇంకో వేలు మిగిలుండాది గదా."

"ఊరికే చూస్తున్నా భాయ్."

"సూడు. కానీ ఆడ కాదు, ఈడ సూడు." గోనెసంచి దగ్గర గొంతుక్కూచున్నాడు. "ఈ మూడూ ఒట్టి ఎండిపోయి ఉండాయి. పిన్ను మీద ఎర్ర పొడి సూసినావా, ఇనుము ఇనుమును తిన్న పొడి. ఇదో, నాలుగోది, నడుం కాడిది. నల్లగా నిగనిగలాడతాంది. గ్రీజులో స్నానం చేసినట్టుండాది. ఒకే మిషను, ఒకే గన్ను, ఒకే మనిషి పెడతాండాడు. ఇదొక్కటి తిన్నాది, ఆ మూడూ పస్తుండినాయి. యాల?"

ఈ ప్రశ్న వారం కిందట నేను అడగాల్సింది. నేను కుప్పం వెళ్లి మజ్జిగ తాగాను.

భాయ్ గన్ను తెచ్చి మోచేతి నిపుల్‌కు పెట్టి నొక్కాడు. గ్రీజు ముద్ద చుట్టూ పొంగింది. పిన్ను తీసేసిన కీలు లోపలికి తొంగి చూడమన్నాడు. బుష్ లోపల ఒక్క చుక్క లేదు. ఆయన నిపుల్‌ను ఊడదీసి, గుడ్డతో తుడిచి, సూదితో ముక్కు మీద గీకాడు. ముందు ఎర్రటి రేణువులు రాలాయి. తర్వాత పసుపు రంగు పెచ్చు. దాని కింద ఇంకో పసుపు పెచ్చు, ఇది మెరుస్తోంది.

"కుంకుమ," అన్నాడు. "దాని కింద పసుపు, గంధం. దాని కింద పెయింటు. పెయింటు ఆరకముందే బొట్టు పెట్టినారు. రెండూ కలిసి సిమెంటు మాదిరి అయిపోయి కూసుండాయి. బొట్టు ఎవురు పెట్టినారు?"

దసరాకు ముందురోజు. మిషనును కడిగి, పసుపు రంగు ఎనామిల్ కొట్టి, మెరిసేలా చేసింది నేను. మర్నాడు ఆయుధపూజకు పొద్దున్నే పసుపు, గంధం కలిపిన గిన్నె పట్టుకుని తిరిగింది నేను. నట్ల మీదా బోల్టుల మీదా బొట్టు నిలవదు. నిపుల్ మాత్రం చిన్న ముక్కులా ముందుకొచ్చి, బొట్టు కోసమే పుట్టినట్టుంటుంది. కనిపించిన ప్రతి ముక్కుకూ వదలకుండా పెట్టాను. ఫోటో కూడా తీసి అందరికీ పంపాను. నలభై మంది దండాలు పెట్టారు.

మామ వైపు చూశాను. దారిలో నేను చూసినట్టే మామ రోడ్డు మీది టమాటా లారీల వైపు చూస్తున్నాడు.

"నేనే భాయ్," అన్నాను.

"నడుం కాడ యాల పెట్టలేదు?"

"అది కిందుంటుంది కదా. వంగలేక."

"నువ్వు వంగలేదు గాబట్టి అదొక్కటి బతికింది," అన్నాడు భాయ్. "మా షాపులో కూడా పనోళ్లు ఆయుధపూజ చేస్తారప్పా. లేతుకూ పెడతారు బొట్టు, డ్రిల్లుకూ పెడతారు. నిపుల్‌కు మాత్రం నక్కో, వద్దే వద్దు. దాని నోట్లోకి పోవాల్సింది గ్రీజు ఒక్కటే."

అప్పుడు మామ నోరు విప్పాడు. నాతో కాదు, భాయ్‌తో.

"గ్రీజు లోపలికి పోవడంలేదని నాకు దసరా అయినాకే డౌటు వచ్చినాది భాయ్. అడిగినా. సదువుకున్నోళ్లు, లోపల నిండింటాది, అందుకే బయటికొస్తాంది అన్నారు. సరేలే, నాకేం తెలుసునని తుడిచి పెట్టేసినా."

ఆ మాట నాకు గుర్తొచ్చింది. షెడ్డు ముందు మామ గన్ను పట్టుకుని నిలబడ్డాడు. నేను ఫోన్లోంచి తల ఎత్తలేదు. నిండింటాది మామా, అన్నాను. ఆ ముక్క చెప్పడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. అప్పటినుంచి ఆయన రోజూ పొద్దున్నే గ్రీజు కొట్టి, రోజూ గుడ్డతో తుడిచేస్తూ వచ్చాడు. మా ఇంట్లో ఆ గుడ్డ తిన్నంత గ్రీజు ఇంకే వస్తువూ తినలేదు. డబ్బా ఎందుకు తగ్గుతోందో ఇప్పుడు తెలిసింది.

కీళ్ల రంధ్రాలు ఇంకా గుండ్రంగానే ఉన్నాయని, బుష్‌లు మారిస్తే సరిపోతుందని భాయ్ అన్నాడు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే చెయ్యికే వెల్డింగు పెట్టి కొత్తగా రంధ్రం తొలవాల్సి వచ్చేదట. పాత బుష్‌లను ప్రెస్సులో పెట్టి బయటికి నెట్టారు. కొత్తవి ఎక్కించేటప్పుడు నన్ను పిలిచి, బుష్‌కున్న గ్రీజు రంధ్రం, నిపుల్ రంధ్రం ఎదురెదురుగా వచ్చేలా సుద్దముక్కతో గుర్తు పెట్టమన్నాడు.

"సరిగ్గా పెట్టు ఇంజనీరూ. అది కూడా బొట్టే."

సాయంత్రం ఇల్లు చేరేసరికి మా నాయన గడ్డపార పట్టుకుని షెడ్డు ముందే ఉన్నాడు. బకెట్ కింద దూర్చి ఎత్తాడు. చప్పుడు రాలేదు. మోచేతికి వెళ్లాడు, భుజానికి వెళ్లాడు. ఏమీ రాలేదు. కొంచెం నిరాశపడినట్టు కనిపించాడు.

"ఏం తేలిందిరా?"

"నిపుల్స్ మూసుకుపోయినాయి నాయనా," అన్నాను.

"వాటంతట అవే మూసుకున్నాయా?"

కొళాయి దగ్గర మామ కాళ్లు కడుక్కుంటున్నాడు. కడిగిన కాలే మళ్లీ కడుగుతున్నాడు. ఆయన ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. వారమంతా నేను ఆయన చేత ఒప్పించాలని తిరిగింది కూడా ఇలాంటి ఒక్క మాట కోసమే.

"నేనే," అన్నాను. "దసరాకు పెయింటు ఆరకముందే బొట్టు పెట్టినా. గ్రీజు లోపలికి పోలేదు. మామ అడిగితే నిండిందని నేనే చెప్పినా. మామ దినామూ పెడతానే ఉండాడు."

నాయన నావైపు చూశాడు, గడ్డపార వైపు చూశాడు. దాన్ని గోడకు ఆనించాడు.

"మెకానికల్," అన్నాడు.

అంతే. అంతకంటే పొడుగ్గా నన్నెవరూ తిట్టలేదు. తర్వాత కొళాయి వైపు తిరిగి, "ఏమప్పా, మధ్యాహ్నం ఏమన్నా తింటివా?" అన్నాడు. మా నాయన ఎవరినైనా క్షమాపణ అడగాలంటే ఇదే మాట అడుగుతాడు. లోపల్నుంచి అమ్మ రెండు కంచాలే పెట్టిన చప్పుడైంది. ఎవరికి లేదో నేను అడగలేదు.

"తిన్నా బావా," అన్నాడు మామ. తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. "సీటు మీద నేనే కూసుంటా. కానీ ఒక మాట. ఇంక మీద గ్రీజు అల్లుడు పెట్టాల. సదివినోడు గదా, నిండిందో లేదో ఆయనకే తెలుస్తాది."

మర్నాడు పొద్దున్నే గన్ను నా చేతికొచ్చింది. నాలుగు కీళ్లకూ వంగి మరీ పెట్టాను. మణికట్టు, మోచెయ్యి, భుజం, నడుం. ఈసారి గ్రీజు నిపుల్ దగ్గర పొంగలేదు. రావాల్సిన చోట, పిన్ను అంచుల నుంచి సన్నగా బయటికొచ్చింది. మామను పిలిచి చూపించాను. ఆయన అంచు దగ్గర వేలితో రాసి చూసి, తల ఊపి, షెడ్డులోకి వెళ్లాడు. గ్రీజు డబ్బా తెచ్చి ఎండకు ఎత్తి పట్టుకున్నాడు.

డబ్బా మీద నా నీలం గీతల కింద ఒక కొత్త గీత ఉంది. ఎర్రది. ముందురోజు సాయంత్రం గీసినట్టున్నాడు. గ్రీజు దానికింద వేలెడు తగ్గి ఉంది.

"తగ్గినాదే," అన్నాడు మామ, గీతనూ నన్నూ మార్చి మార్చి చూస్తూ. "నీ బండి చైనుకేమన్నా పెట్టినావా అల్లుడూ?"